విదురాశ్వత్థం - ఒక బండి బాడిగ

మా బ్యాంకుల్లో సస్పెన్స్ ఖాతా అని ఒకటి ఉంటుంది. సాయంత్రం లెక్కలు చూసుకునేటప్పుడు ఎవరిదో తేలని మొత్తం మిగిలిపోతే, తేలేదాకా దాన్ని ఆ ఖాతాలో వేసి ఉంచుతాం. రెండు రోజుల్లో తేలేవి ఉంటాయి, ఏళ్ళ తరబడి తేలనివీ ఉంటాయి. ఆఫీసర్లం మారిపోతూ ఉంటాం, ఆ పద్దు మాత్రం కొత్త పుస్తకంలోకి ఎక్కుతూనే ఉంటుంది.

నేను బి.కాం. చదివి 1993లో బ్యాంకులో చేరినవాణ్ణి. చరిత్ర చదివింది హైస్కూలు వరకే, అదీ కన్నడంలో. అయినా మన పత్రికలో చరిత్ర గురించి రాయడానికి సాహసిస్తున్నానంటే కారణం అలాంటి పద్దు ఒకటి నా దగ్గర ఉండిపోవడమే. 1938 ఏప్రిల్ 25న మైసూరు సంస్థానంలోని విదురాశ్వత్థంలో పోలీసులు జనం మీద కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్ళు 10 మంది అని సర్కారు లెక్క. జనం చెప్పే లెక్క 32. ఇంకా ఎక్కువ అనేవాళ్ళూ ఉన్నారు. ఈ రెండు లెక్కలకూ మధ్య ఉన్న 22 మందీ ఇన్నేళ్ళుగా సస్పెన్స్ ఖాతాలోనే ఉన్నారు. వాళ్ళ పద్దు తేల్చే స్తోమత నాకు లేదు. అదే రోజు మొదలైన మరో చిన్న బాకీ సంగతి మాత్రం నాకు తెలుసు. అది ఏ పుస్తకంలోనూ లేదు.

ఊరి సంగతి ముందు చెప్పాలి. విదురాశ్వత్థం గౌరిబిదనూరు దగ్గర, ఉత్తర పినాకిని ఒడ్డున ఉంది. హిందూపురం రైలు దారిలోనే తగులుతుంది. 1938లో కోలారు జిల్లా, 2007లో జిల్లా విడిపోయాక చిక్కబళ్ళాపురం జిల్లా. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ కలిపి. మహాభారతంలోని విదురుడు అక్కడొక రావి మొక్క నాటాడనీ, అదే మహావృక్షమైందనీ జనం నమ్మకం. చెట్టు చుట్టూ నాగశిలలు వేల సంఖ్యలో ఉన్నాయి. పిల్లలు లేనివాళ్ళు, నాగదోషం ఉందని ఎవరో చెప్పగా భయపడ్డవాళ్ళు రాయి చెక్కించి తెచ్చి అక్కడ నిలబెడతారు. పసుపు, కుంకుమ, పాలు. నేను మొదటిసారి చూసినప్పుడు, ఒక్కొక్క రాయి ఒక్కొక్క ఇంటి కష్టం కదా అనిపించింది. అన్ని కష్టాలు ఒకేచోట వరసగా నిలబడి ఉండటం మరెక్కడా చూడలేదు.

జాతర అంటే పూజ ఒక్కటే కాదు. పిల్లకు సంబంధం మాట్లాడేదీ, ఎద్దుల బేరం కుదిరేదీ, పాత బాకీ తీర్చేదీ అక్కడే. మా వైపు పెద్దవాళ్ళు వాయిదా చెప్పేటప్పుడు తారీకు చెప్పరు, "జాతరకు ఇస్తాను" అంటారు. ఆ మాటకున్న విలువ మా ప్రామిసరీ నోట్లకు ఉంటే ఎంత బాగుండునో!

1938లో మైసూరుకు ఆదర్శ సంస్థానం అని పేరు. నాల్వడి కృష్ణరాజ ఒడయరు మహారాజు, సర్ మీర్జా ఇస్మాయిల్ దివాను. కరెంటు, కాలేజీలు, ఫ్యాక్టరీలు అన్నీ ఉన్నాయి. ప్రజలకు జవాబు చెప్పుకునే ప్రభుత్వం మాత్రం లేదు. 1937లో స్థానిక పక్షాలు కాంగ్రెసులో కలిశాక ఆ కోరిక గట్టిపడింది. మరుసటి ఏప్రిల్లో మద్దూరు దగ్గరి శివపురంలో మైసూరు కాంగ్రెసు మొదటి మహాసభ జరిగింది. అధ్యక్షుడు టి. సిద్ధలింగయ్య గారు నిషేధాన్ని కాదని జెండా ఎగరేసి అరెస్టయ్యారు. 1931లో కాంగ్రెసు ఆమోదించిన, మధ్యలో రాట్నం ఉన్న మూడు రంగుల జెండా అది. అక్కణ్ణుంచి జెండా ఊరూరా పాకింది.

సరిహద్దు మనుషులుగా మనకు బాగా అర్థమయ్యే విషయం ఒకటి ఇక్కడుంది. విదురాశ్వత్థం పక్కనున్న హిందూపురం అప్పటికి మద్రాసు రాజధానిలోని అనంతపురం జిల్లా. 1937 జులై నుంచి అక్కడ ఏలుతున్నది రాజాజీ నాయకత్వాన కాంగ్రెసు మంత్రివర్గమే. అంటే హద్దు రాయికి అటువైపు ఏలేవారి జెండా ఇటువైపు నేరం. అటూ ఇటూ ఉన్నవాళ్ళు వియ్యాలందుకునే చుట్టాలు, ఒకే దేవుడికి మొక్కేవాళ్ళు. కూతుర్ని హిందూపురం వైపు ఇచ్చుకున్న రైతుకు ఈ తేడా ఎలా కనిపించి ఉంటుందో ఊహించండి. పెద్ద సిద్ధాంతాలేవీ అక్కర్లేదు. అక్కడ తప్పుకానిది ఇక్కడెందుకు తప్పని అడిగితే చాలు.

ఆ సోమవారం జాతరకు వేలమంది వచ్చారు. సభ పెట్టకూడదు, జెండా ఎత్తకూడదు అని నిషేధాజ్ఞ ఉంది. కాంగ్రెసువాళ్ళు సభ పెట్టారు. చెదిరిపొమ్మన్నారు, జనం పోలేదు. తోపులాట, లాఠీలు, ఆ తర్వాత తుపాకులు. చనిపోయినవాళ్ళలో పేరున్న నాయకులు లేరు, చుట్టుపక్కల పల్లెల రైతులూ కూలీలే.

తర్వాతి కథ పుస్తకాల్లో విపులంగానే ఉంది. దేశమంతా అలజడి రేగింది. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అన్నారు. గాంధీజీ సర్దార్ పటేల్‌నూ ఆచార్య కృపలానీనీ మైసూరుకు పంపారు. మే నెలలో దివానుకూ పటేల్‌కూ ఒప్పందం కుదిరింది. మైసూరు జెండా పక్కన జాతీయ జెండా ఎగరేయడానికి సంస్థానం ఒప్పుకుంది, ఖైదీలను విడిచిపెట్టారు. కాల్పులపై విచారణకు వేసిన సంఘానికి అధ్యక్షుడు మన తెలుగాయనే, మద్రాసు హైకోర్టు మాజీ న్యాయమూర్తి సర్ వేపా రామేశం గారు. బాధ్యతాయుత ప్రభుత్వం కోసం మాత్రం 1947 అక్టోబరు వరకూ ఆగవలసి వచ్చింది. అప్పుడు మొదటి ముఖ్యమంత్రి అయిన కె.సి. రెడ్డి గారిది కోలారు జిల్లా క్యాసంబళ్ళి.

ఈ కథ చెప్పేవాళ్ళు రెండు రకాలు. అమాయక జనాన్ని ఎవరో రెచ్చగొట్టారని ఆనాటి అధికారుల ధోరణి. వచ్చినవాళ్ళంతా దేశం కోసం ప్రాణమివ్వడానికే వచ్చారన్నట్టు తర్వాతి ఉపన్యాసకుల ధోరణి. రెండింటిలోనూ ఆ మనుషులకు సొంత నమ్మకాలు ఉన్నట్టు కనిపించదు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చి అక్కడ నిలబడిపోయిన మనిషి మనసులో ఏముండేది? జాతర దేవుడిది, దేవుడి తావులో కూడకూడదనడానికి సర్కారెవరు అనుకున్నవాళ్ళు ఉండరా? చెట్టు మీది భక్తీ జెండా మీది ఇష్టమూ ఒకే గుండెలో ఇమడవా? ఇవి నాకై నాకు తట్టిన ప్రశ్నలు కావు. నాకు నేర్పింది ఒక ఖాతాదారు.

1997లో నన్ను గౌరిబిదనూరు తాలూకాలో ఒక పల్లె బ్రాంచికి వేశారు. అప్పటికి కంప్యూటర్లు రాలేదు, పెద్ద పెద్ద లెడ్జర్లు. పాల సొసైటీ దుడ్డు, పట్టుగూళ్ళ దుడ్డు దాచుకునే చిన్న ఖాతాలే ఎక్కువ. ఆ ఖాతాదారుల్లో వేలిముద్ర వేసే అవ్వ ఒకావిడ ఉండేది. 1998 ఏప్రిల్ 24, శుక్రవారం, యాభై రూపాయలు తీయడానికి వచ్చింది. అది తీస్తే ఖాతాలో ఉండవలసిన కనీస నిల్వ తగ్గిపోతుంది. నేను కొత్త ఉత్సాహంలో ఉన్నాను, పొదుపు గురించి ఆవిడకు చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. వచ్చే నెల తీసుకోకూడదా అవ్వా అన్నాను.

"వొచ్చే నెలకు నేనేం చేసుకోవాల నాయనా? రేపు కావాల. బండి బాడిగ ఇచ్చేది ఉంది."

"ఎవరి బండి?"

"మాయమ్మ ఎక్కిన బండి. అరవై ఏండ్లాయె."

పరాచికమనుకున్నాను. కౌంటరు దగ్గర రద్దీ లేదు, కూర్చోమన్నాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయలేను గానీ సారాంశం ఇది. 1938లో ఆవిడకు ఎనిమిదేళ్ళు. తమ్ముడు పుట్టినందుకు మొక్కు తీర్చడానికి వాళ్ళమ్మ ఇద్దరు పిల్లలతో విదురాశ్వత్థం వచ్చింది. జెండా సంగతి ఆ అమ్మకు పట్టలేదు. చప్పుడు వింటే జాతర టపాకాయలనుకున్నారు. తర్వాత జనం పరుగు, అమ్మ కాలు మడతపడి వాయడం, సద్దిమూట పోవడం. చీకటి పడ్డాక దోవపక్కన కూర్చుని ఉంటే ఒక ఎద్దులబండి ఆగింది. ఎక్కమన్నాడు. అతని దోవ వేరు. అయినా వీళ్ళ ఊరిదాకా తెచ్చి దించాడు. అమ్మ దగ్గర కానీ లేదు. "జాతరకు ఇస్తానన్నా" అంది. "సరేలేమ్మా" అని బండి తిప్పుకున్నాడు.

"పేరు అడగలేదా?"

"పేరు లేదు, ఊరు లేదు. ఆయప్ప రెడ్డో, సాయిబో, తెలుగోడో, కన్నడమోడో అదీ మాయమ్మకు గుర్తులేదు. కుడిపక్క ఎద్దుకు కొమ్ము విరిగుండె, అంతే."

మరుసటి జాతరకు అమ్మ కొంగున డబ్బులు ముడేసుకుని కొమ్ము విరిగిన ఎద్దు కోసం బండ్ల వరసలన్నీ తిరిగింది. ఆ పైఏడూ తిరిగింది. చివరిదాకా దొరకలేదు. చనిపోయేముందు కూతురికి ఈ బాకీ అప్పజెప్పింది. కూతురు వేరే దారి చూసుకుంది. "ఆయప్ప దొరకడు. ఆయప్ప పొద్దు మాయమ్మట్లా దోవలో నిలబడినోళ్ళు దొరుకుతారు గదా." ఏటా ఆ రోజు విదురాశ్వత్థం వెళ్ళి, ఊరు చేరడానికి బస్సు డబ్బు లేనివాళ్ళనో, చాలనివాళ్ళనో చూసి టికెట్టుకు ఇచ్చి వస్తుంది. జాతర తిథిని బట్టి ముందూ వెనకా అవుతుంది కానీ అవ్వ మాత్రం ఇంగ్లీషు తారీకే పట్టుకుంది. స్తూపానికి దండలు వేసేది ఆ రోజేనని ఎవరో చెప్పారట.

ఆవిడ వెళ్ళాక లెడ్జరు తిరగేశాను. వృత్తి అలవాటు, మాట కన్నా పద్దును నమ్ముతాం. 1986 నుంచి ఉంది ఖాతా. ప్రతి ఏప్రిల్లో 23, 24 తారీకుల్లో ఒక విత్‌డ్రాయల్. మొదట పది రూపాయలు, తర్వాత ఇరవై, ముప్పై, ఆ ఏడు యాభై. బస్సు చార్జీ పెరిగినప్పుడల్లా ఆ మొత్తమూ పెరిగింది. ఆరణాలో ఎనిమిదణాలో అయివుండే బాకీని ధరలతోపాటు సవరించుకుంటూ ఏటేటా కడుతూ వస్తోంది అక్షరం రాని మనిషి. ద్రవ్యోల్బణం గురించి నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కానీ, అప్పిచ్చినవాడికి నష్టం రాకూడదనే పట్టింపు నాకు ఏ పాఠంలోనూ కనిపించలేదు.

మరునాడు శనివారం, మధ్యాహ్నంతో బ్యాంకు అయిపోతుంది. బస్సెక్కి విదురాశ్వత్థం వెళ్ళాను. చెట్టు అప్పటికింకా నిలబడే ఉంది. స్తూపం దగ్గర దండలు వాడుతున్నాయి. సభ ముగిసి కుర్చీలు ఎత్తేస్తున్నారు. అవ్వ ముందు నాగశిలలకు పాలు పోసింది, తర్వాత స్తూపం దగ్గర ఒక పువ్వు పెట్టింది, తర్వాత బస్సు ఆగేచోటికి వచ్చి నిలబడింది. చంకబిడ్డతో ఉన్న ఒకావిడ చిల్లర లెక్కపెట్టుకుంటుంటే పక్కకు పిలిచి ఏదో అడిగింది, చేతిలో నోటు పెట్టింది. ఆవిడ పేరు అడిగినట్టుంది, అవ్వ తల అడ్డంగా ఊపింది. బస్సు కదిలాక నేను దగ్గరకెళ్ళి, పేరు చెబితే ఏం పోయిందవ్వా అన్నాను.

"బండాయప్ప చెప్పినాడా, నేను చెప్పేదానికి?"

ఆ తిరుగు ప్రయాణంలో నాకు కలిగిన ఆలోచన ఇది. కాల్పులు జరిగిన రాత్రి, పోలీసులు తిరుగుతున్న దోవలో, ఎవరో తెలియని దెబ్బతిన్న మనిషిని బండెక్కించుకోవడం చిన్న సాహసం కాదు. ఆ పని చేసినవాడి పేరు ఏ స్తూపం మీదా ఉండదు, ఎందుకంటే అతను చనిపోలేదు. అతను జెండా పట్టినవాడో కాదో కూడా అప్రస్తుతమే. అలాంటి బండ్లు ఆ రాత్రి ఒక్కటే అయివుండదు. అన్ని వేల మంది ఆడవాళ్ళూ పిల్లలూ చీకట్లో ఇళ్ళు చేరారంటే దారిపొడుగునా తలుపులు తీసినవాళ్ళు, నీళ్ళిచ్చినవాళ్ళు ఉండే ఉంటారు. చనిపోయినవాళ్ళ లెక్క కోసం విచారణ సంఘం వేశారు. ఇళ్ళు చేర్చినవాళ్ళ లెక్క ఎవరూ అడగలేదు. నాయకుల విశ్వాసాలు ఉపన్యాసాల్లో, ఉత్తరాల్లో దొరుకుతాయి. దోవలో ఉన్నవాణ్ణి వదిలిపోకూడదు, ఇస్తానన్నది ఇవ్వాలి అనే పల్లెటూరి విశ్వాసాలకు దస్తావేజులుండవు. నాకు ఒక లెడ్జరు పేజీ దొరకడం అదృష్టమే అనుకోవాలి.

మూఢభక్తిని మెచ్చుకుంటున్నానని పాఠకులు అనుకోకూడదు. అదే తాలూకాలోని హొసూరు నుంచి వచ్చినవారే డాక్టర్ హెచ్. నరసింహయ్య గారు. ఆయన 1920లో పుట్టారు. పేద ఇల్లు, ఇంటి మాట తెలుగు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి, బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు. బాబాల మహిమలను పరీక్షించడానికి 1976లో సంఘం వేసి దేశమంతటా వాదం రేపారు. 2005లో పోయేదాకా నేషనల్ కాలేజీ హాస్టలులో ఒక గదిలోనే బతికిన బ్రహ్మచారి. ప్రశ్నించనిదే దేన్నీ ఒప్పుకోకూడదన్నది ఆయన నమ్మకం. నాకూ మనసు అటే మొగ్గుతుంది. ఒకసారి అవ్వతో ఆయన మాట ఎత్తాను, నాగరాళ్ళకు పాలు పోస్తే ఏమొస్తుందని ఆయన అడుగుతారు కదా అన్నాను. అవ్వ ఏమీ నొచ్చుకోలేదు. "మావూరి పక్కాయప్పే గదా. దేవుడు లేడంటాడంట. ఉండనీ. గౌరిబిదనూర్లో కాలేజీ కట్టించినాడు, బాగేపల్లిలో కట్టించినాడు. మా పిలకాయలు చదువుకుంటారుండారు" అంది. పాలు పోయడం మానలేదు, ఆయన్ను తిట్టనూ లేదు. అవ్వ ఆయన్ను కూడా బాకీల కోణంలోనే చూసింది. ఇవ్వవలసింది ఇచ్చినవాడు అని జమ వేసుకుంది.

1999లో నాకు బదిలీ అయింది. 2001లో ఆ రావిచెట్టు కూలిపోయిందని విన్నప్పుడు అవ్వ గుర్తొచ్చింది. ఒక కార్డు ముక్క రాద్దామనుకున్నాను, రాయలేదు. తర్వాత చాలా ఏళ్ళకు వేరే పనిమీద ఆ బ్రాంచికి వెళ్ళి అడిగితే, ఖాతాదారు మరణించినందున వారసులకు చెల్లించి ఖాతా మూసేశామన్నారు. లెడ్జర్లు ఏమయ్యాయంటే, కంప్యూటర్లలోకి నిల్వలు ఎక్కించాక పాతవి గడువు తీరి నాశనం చేశారట. నియమం ప్రకారమే చేశారు, నేనున్నా చేసేవాణ్ణి. అయితే రెండేళ్ళు ఆవిడతో మాట్లాడినవాణ్ణి, వాళ్ళమ్మ పేరేమిటని ఒక్కసారీ అడగలేదు. నామినీ కాగితాలు, చిరునామా, వేలిముద్ర, అన్నీ సక్రమంగా తీసుకున్నాను.

మనవరాలు బెంగళూరులో ఉద్యోగం చేస్తోందని తెలిసి కలిశాను. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు కన్నడంలోనే ఇస్తుంది. మంచి పిల్ల, కాఫీ ఇచ్చి మర్యాద చేసింది. అవ్వ ఏటా ఎక్కడికో వెళ్ళివచ్చేదని తెలుసు, ఎందుకో తెలియదు. బండి కథ చెబితే శ్రద్ధగా విన్నది. కొమ్ము విరిగిన ఎద్దు దగ్గరకొచ్చేసరికి నవ్వి, ఇది అవ్వ చెప్పిందా అంకుల్ అని అడిగింది. మన ఇళ్ళలో మాట మారినప్పుడు మాసిపోయేవి పద్యాలూ పాటలూ మాత్రమే కాదు, ఇలాంటి పద్దులు కూడా. విదురాశ్వత్థం గురించి కన్నడంలో ఉంది, ఇంగ్లీషులో ఉంది. అక్కడి వీరసౌధంలో బొమ్మలతో సహా చరిత్ర ఉంది. అవ్వ తెలుగులో చెప్పింది కాబట్టి తెలుగులో ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

2024 ఏప్రిల్ 25న సెలవు పెట్టి విదురాశ్వత్థం వెళ్ళాను. మర్నాడు ఆ వైపు పార్లమెంటు ఎన్నికల పోలింగ్. కూలిన చెట్టు తావునూ, నాగశిలలనూ చూసి, స్తూపం దగ్గర కాసేపు కూర్చుని, సాయంత్రం బస్సు ఆగేచోటికి వచ్చాను. జేబులో రెండువందల నోట్లు సిద్ధంగా పెట్టుకున్నాను. ఒక చిక్కు వచ్చిపడింది. 2023 జూన్‌లో శక్తి పథకం మొదలయ్యాక కర్ణాటక సర్కారు బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్ళకు టికెట్టు లేదు. చంకబిడ్డలతో ఉన్నవాళ్ళంతా ఆధార్ కార్డు చూపించి ఎక్కి కూర్చుంటున్నారు. అవ్వ ఉంటే సర్కారే బండి బాడిగ కట్టేసిందని సంతోషించేదో, నా బాకీ నన్ను తీర్చుకోనివ్వరా అనేదో.

గంట నిలబడ్డాక ఒక ముసలాయన కనిపించాడు. మనవడికి ఏదో దోషమని రాయి పెట్టించడానికి వచ్చాడట, పూజకు అనుకున్నదానికన్నా ఎక్కువైంది, హిందూపురం చేరాలి. మగమనిషి, పైగా హద్దుకు అవతలివాడు, ఏ రకంగానూ ఉచితం కాదు. నోటు ఇచ్చాను. మొహమాటపడి, తర్వాత తీసుకున్నాడు. "పేరేమి సామీ?" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా కౌంటరు వెనక కూర్చున్న అలవాటు, అడిగిందే తడవు ఇంటిపేరుతో సహా చెప్పేశాను.